తోడేలు నోటి కొలత

మార్చి 4

తోకాయన మళ్ళీ వచ్చాడు. బస్సు నడుపుతాడు. "వెన్నెల కోర" సినిమా అభిమానుల సంఘానికి అధ్యక్షుడు. నలభై దాటిన మనిషి, కోటు వెనక బొచ్చుతోక కుట్టించుకుని నలుగురిలో తిరుగుతాడు. మా ఆయన్ని "గురువుగారూ" అంటాడు. ఆయన ముందు కుర్చీ అంచు మీదే కూర్చుంటాడు, ఎప్పుడు జారిపడతాడో అని నాకు భయం.

నెలాఖరు శుక్రవారం పాత సినిమాహాల్లో ఆ సినిమా కొత్త ప్రింటు వేస్తున్నారు. అప్పట్లో వారం కూడా ఆడలేదు. ఇప్పుడు టికెట్లు దొరకడం లేదట. తోడేలు వేషం వేసిన మనిషిగా మా ఆయన స్టేజీ ఎక్కాలి, నాలుగడుగులు తోడేలులా నడిచి చూపించాలి.

"నడుస్తారుగా గురువుగారూ?"

"చూద్దాం" అన్నారు ఆయన. ఆయన "చూద్దాం" అంటే "వద్దు" అని. ఆ సంగతి తోకాయనకి తెలీదు.

వెళ్తూ వెళ్తూ నా చేతిలో చిన్న డబ్బా పెట్టాడు. లోపల దూదిలో తోడేలు పళ్ళ సెట్టు. అసలుదే. చనిపోయిన ఆ సినిమా మేకప్ ఆయన కొడుకుని పట్టుకుని సంపాదించాడట. పై భాగం అంగిలి మీద అడ్డంగా చీలి ఉంది.

"అక్కయ్యా, మీరు చేసేది పళ్ళ పనేగా. ఇది బాగుచేసి పెడితే ఆ రోజు గురువుగారు పెట్టుకుంటారు."

ఆ పళ్ళని చూసి ఆయనకి పాత స్నేహితుడు కనబడినట్టు ఉండాలి కదా. గుమ్మంలో పోలీసుని చూసినట్టు చూశారు.

మార్చి 5

డాక్టర్లు పంపిన అచ్చుల్లో సుద్ద పోయడం, ఆ సుద్దనోటి మీద మైనంలో పళ్ళు నిలబెట్టడం, ఇదీ నా పని. మనుషుల మొహాలు మర్చిపోతాను, అంగిళ్ళు మర్చిపోను. మా ఆయన అంగిలి బావిలా లోతు. పెళ్ళయిన కొత్తలో ఆయన దవడపన్నుకి తొడుగు చేసింది నేనే. ఈ తోడేలు సెట్టు అంగిలి పళ్ళెంలా చదునుగా ఉంది.

పాతబడి వంగి ఉంటుంది. అనుమానం కాదు. పని చేసేటప్పుడు కొలతలు చూసుకోవాలి కదా, అందుకని రాస్తున్నాను.

మార్చి 6

పాతబడితే చీలుతుంది. చదునవదు.

మార్చి 8

అడిగేశాను. ఆయన షాపుకి బయల్దేరుతూ తాళాల గుత్తి వెతుక్కుంటున్నారు.

"ఏవండీ, ఆ సెట్టు మీ నోటికి చేసిందేనా?"

"మరెవరి నోటికి చేస్తారు?"

"ఒకసారి పెట్టుకోండి, చూస్తాను."

"ఇన్నేళ్ళయింది, నోరు మారిపోయి ఉంటుందోయ్."

నోరు మారదు. పళ్ళు ఊడతాయి, చిగురు అరుగుతుంది, అంగిలి మాత్రం పోయేదాకా అలాగే ఉంటుంది. ఆ సంగతి ఈ ఇంట్లో నాకు కాక ఇంకెవరికి తెలుసు? నాతోనే అంటారు.

ఆ సినిమా నేను చూసింది కూడా ఆ హాల్లోనే. అప్పుడు నాకు పెళ్ళి కాలేదు. పట్టుమని పదిమంది లేరు. యజమాని పోయిన సమురాయ్ ఒకడు, మంచులో ఊరూరా తిరుగుతూ మనుషుల్ని చంపే తోడేలుమనిషిని వేటాడుతుంటాడు. ప్రతి ఊరికీ ఒక్క పూట ఆలస్యంగా చేరతాడు. చివరికి తెలుస్తుంది, తను తరుముతున్నది సొంత అన్ననేనని. చెప్పుకుంటే బాగానే ఉంటుంది గానీ, తీసిన తీరు మహా అన్యాయం. మంచంతా సబ్బు నురగ. ఒకచోట సమురాయ్ గుర్రం తుమ్మితే బుడగలు లేస్తాయి. ఇంకోచోట అతను కత్తి ఎత్తితే చేతికి రిస్ట్ వాచీ ఉంటుంది. ఇప్పటి కుర్రకారు అభిమాన సంఘం వేసే ఆటల్లో ఆ షాట్ కోసం కాచుకుని "టైమెంతయింది?" అని హాలు దద్దరిల్లేలా అరుస్తారు.

తోడేలు వస్తే మాత్రం ఒక్కడూ అరవడు. నిద్రపోతున్న తమ్ముడి దగ్గరికొచ్చి నిలబడుతుంది. ముందు ఒక భుజం దించుతుంది, తర్వాత రెండోది. బరువు కింద పెట్టిన కూలీలాగా. ఎంత అలిసిపోయిందో ఆ జంతువు అనిపించింది నాకు.

బయటికొచ్చి పోస్టరు దగ్గర నిలబడ్డ ఒకాయన్ని అడిగాను, "ఈ తోడేలు ఎవరో మీకేమైనా తెలుసా?" అని.

"నేనే" అన్నారు.

అలా అయింది మా పెళ్ళి.

మార్చి 11

ఈవేళ సరిగ్గా కొలిచాను. కోరపన్నుకీ కోరపన్నుకీ మధ్య దూరం, అంగిలి వెడల్పు, కొక్కేలు పట్టే దవడపళ్ళ వంపు. ఈ నోరు చిన్నది. ఆడమనిషి నోరు.

ఆడమనిషి.

తోడేలు పళ్ళు ఆడమనిషి నోటికి ఎందుకు చేస్తారు? సరదాకి చేయించి ఇచ్చారా? ఆమె పెట్టుకుని నవ్విందా? ఎవరామె? ఆ సినిమాలో పల్లెపిల్ల వేషం వేసినావిడ పెద్ద పళ్ళది, ఆమెది కాదు. ఆమెది కాదని ఎంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నానో, ఇంకెవరిదో అని అంత గట్టిగానూ పట్టుకుంది.

వదినకి తెలిసే ఉంటుంది. మా ఆయన అక్క. మేడ మీద గదిలో ఉంటుంది, పెళ్ళి చేసుకోలేదు. వయసులో ఉన్నప్పుడు సినిమాల్లో హీరోయిన్లకి బదులు గుర్రాల మీంచీ మేడల మీంచీ పడేది. ఇప్పుడు మోకాలు పట్టేసి, మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి. ఈమధ్య ఆయన సాయంత్రమయ్యేసరికి మేడెక్కుతున్నారు. గుసగుసలు. నా అడుగు వినబడగానే "ఈ నెల ఎండలు ముదిరాయి కదక్కా" అంటారు. కిటికీ అవతల వాన పడుతోంది.

అక్కాతమ్ముళ్ళు ఎప్పుడూ ఒకటే. మధ్యలో వచ్చినదాన్ని నేను.

మార్చి 12

రోజూ పొద్దున వాకింగ్ అంటున్నారు. నడవడానికి వెళ్ళిన మనిషికి ప్యాంటు మోకాళ్ళ దగ్గర మట్టి ఎందుకంటుతుంది?

మార్చి 13

మోకాళ్ళ మీద పడి బతిమాలుతున్నారేమో. ఆమెని.

మార్చి 14

వెంట వెళ్ళాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, ఎవరికీ చెప్పడం లేదు కాబట్టి ఫరవాలేదు. ల్యాబ్‌కి ఆలస్యంగా వస్తానని ఫోన్ చేశాను. తలకి స్కార్ఫ్ కట్టుకున్నాను. ఆయన ఒక్కరే వెళ్ళారు, సందు మలుపులో ఆగారు. కాసేపటికి వదిన వచ్చింది, గోడలు పట్టుకుంటూ. ఇద్దరూ లైబ్రరీ వెనక మూతబడిన స్కేటింగ్ మైదానంలోకి వెళ్ళారు.

ఓహో, ఆమెని కలవడానికి అక్కని తోడు తెచ్చుకుంటున్నారన్నమాట అనుకున్నాను. అంత తెలివైనదాన్ని నేను.

టికెట్ల గది గోడ పగులులోంచి చూశాను. మూడో మనిషి ఎవరూ లేరు. ఆయన నేల మీద చేతులు ఆనించి నాలుగు కాళ్ళ మీద నడుస్తున్నారు. ఈసారి ఆయన "చూద్దాం" అన్నది "వద్దు" కాదన్నమాట. నిజం రాయాలి కదా, కింద పడిపోయిన కళ్ళజోడు వెతుక్కుంటున్నట్టున్నారు.

"అది కాదురా. చేత్తో నడవకు. వీపుతో నడువు" అంది వదిన.

"వీపుతో ఎలా నడుస్తారే?"

"జరుగు."

వదిన చేతికర్ర గోడకి ఆనించింది. మంచి మోకాలు ముందు, చెడ్డ మోకాలు తర్వాత కింద పెట్టింది. ఆ తర్వాత అక్కడ వదిన లేదు. తల ముందుకు చాచి, ఎవరో పిలిస్తే విన్నట్టు ఆగి, రెండడుగులు వేసింది. ముందు ఒక భుజం దించింది. తర్వాత రెండోది.

పగులుకి కన్ను ఇంకా దగ్గరగా ఆనించాను నేను.

"లే అక్కా, మోకాలు నొప్పి చేస్తుంది" అని ఆయన చంకల కింద చేతులు వేసి లేపుతున్నారు. ఆమె తిడుతోంది.

మార్చి 15

కంటితో చూసింది ఒక్కోసారి తప్పవచ్చు. పోయినేడు వదినకి పళ్ళ సెట్టు చేసినప్పటి సుద్దనోరు ల్యాబ్ అరలో ఉంది. అంగిళ్ళు మర్చిపోనని రాసుకున్నదాన్ని, ఇంట్లోని అంగిలే తట్టలేదు. తీశాను. అంగిలి మీద ముందువైపు అలల్లాగా గీతలుంటాయి, ఏ ఇద్దరికీ ఒకలా ఉండవు. తోడేలు సెట్టు లోపలి వైపు ఆ గీతల ముద్ర ఇంకా ఉంది. రెండూ పక్కపక్కన పెట్టాను.

ఎడమ వైపు మూడో గీత చీలి రెండవుతుంది. రెండింట్లోనూ.

వేరే ఆడది లేదు. సంతోషించాలి కదా. ఆ సంతోషం ఎక్కడుందో వెతుక్కుంటున్నాను.

మార్చి 17

ఆయన షాపుకి వెళ్ళాక సెట్టు తీసుకుని మేడెక్కాను.

"నోరు తెరవండి వదినా."

"ఎందుకే? నా సెట్టు బాగానే ఉందిగా."

"అది తీసి ఇది పెట్టుకోండి."

నా చేతిలోది చూసింది. నన్ను చూసింది. తన పళ్ళు తీసి గ్లాసులో వేసి, నోరు తెరిచింది. అతికించిన అంగిలి వెళ్ళి దాని చోట్లో అది కూర్చుంది. కొక్కేలకి పట్టు లేక కొంచెం ఊగింది, అంతే. కోరలతో వదిన నన్ను చూసింది.

"తెలిశిపోయిందా?" అంది. కోరలడ్డం వచ్చి మాట జారింది. ఇద్దరికీ నవ్వొచ్చింది. నా నవ్వు మధ్యలో ఏడుపైంది.

పళ్ళు తీసేసి చెప్పింది. వేషం తమ్ముడికే వచ్చింది. మొదటి రోజు బొచ్చుతొడుగు వేసి, ముసుగు తగిలించి వెనక తాడు బిగించారు. ఊపిరాడక కొట్టుకున్నాడు, ముసుగు పీకేసుకుని వాంతి చేసుకున్నాడు.

"బాత్రూం గడియ కూడా పెట్టుకోడు, చూడ్డంలా? అప్పుడూ అంతే. పొమ్మంటారని వణికిపోతున్నాడు. నేను పక్క సెట్లో మేడ మీంచి పడి ఖాళీగా ఉన్నాను. ఒక్క షాట్‌కని తొడుక్కున్నాను. ఫైట్ మాస్టరు చూసి, ముసుగు తియ్యకు, నోరు మెదపకు, రేపూ నువ్వే రా అన్నాడు."

"పేరు ఆయనది వేశారు కదా, మీకు కోపం రాలేదా?"

"తోడేలు ఆడదని తెలిస్తే అప్పుడెవడు భయపడేవాడే? తర్వాత సినిమానే పోయింది. పోయినదానికి పేరెవరిదైతేనేం?"

"నాకెందుకు చెప్పలేదు?"

వదిన గ్లాసులోంచి తన పళ్ళు తీసి పెట్టుకుంది.

"ఆ రోజు హాల్లో నేనూ ఉన్నానే. వాడి పక్కనే ఉన్నాను. తోడేలు ఎవరని నువ్వడిగావు. నేను చెబుదామనే నోరు తెరిచాను. ఈలోగా వాడు 'నేనే' అన్నాడు. నీ మొహం చూశాను. వాడి మొహమూ చూశాను. నోరు మూసుకున్నాను."

ఆ పక్కన ఎవరో ఉన్నట్టు నాకు గుర్తే లేదు.

మార్చి 18

ఇన్నేళ్ళు. ఒకే ఇంట్లో. వడ్డించింది తింటూ.

మార్చి 20

నేనింకా ఆయనకి చెప్పలేదు. తనంతట తను చెబుతారేమో చూస్తున్నాను. పరీక్ష కాదు. ఊరికే చూస్తున్నాను.

"ఆ తొడుగులో ఉక్కపోసేదా అండీ?" అన్నాను భోజనం దగ్గర.

"ఉక్క అంటే అంతా ఇంతా కాదు."

"ఊపిరాడేదా?"

చెయ్యి ఆగింది. "అలవాటైపోయింది" అన్నారు. వదిన కంచంలోంచి తలెత్తలేదు.

తర్వాత ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి నోటి అచ్చు తీశాను. "మీకు సరిపోయేలా అంగిలికి ఆనే అడుగు మార్చి చేస్తాను" అన్నాను. పాపం, బుద్ధిమంతుడైన పిల్లాడిలా నోరు తెరిచారు. ముద్ద గట్టిపడేదాకా ఆయన కళ్ళు నా కళ్ళలోకే చూస్తున్నాయి. అబద్ధమాడే మనిషి కళ్ళు అంత నెమ్మదిగా ఉంటాయా? ఉంటాయి కాబోలు. అలవాటైపోయింది అన్నారుగా.

మార్చి 24

కొత్త అడుగు పోశాను. రెండు సుద్దనోళ్ళూ బల్ల మీద ఉన్నాయి, ఆయనదీ వదినదీ. ఎవరి నోటి మీద పోయాలో రెండు రోజులు ఆలోచించాను. చిగుళ్ళకి చక్కగా పట్టేలా, కొక్కేలు అక్కర్లేకుండా చేశాను. ఇంత బాగా కుదిరిన సెట్టు ఈ ఏడాదిలో చేయలేదు.

"అయిపోయిందా?" అని అడిగారు.

"ఆఁ."

"పెట్టి చూడనా?"

"స్టేజీ మీదే పెట్టుకోండి. అభిమానులకి అదో సరదా."

అబద్ధం ఎంత తేలిగ్గా వస్తుందో! ఆయన్ని తిట్టడానికి నాకు నోరుండదు ఇంక.

మార్చి 28

రాయాలి, ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

హాలు కిటకిటలాడింది. బొచ్చుచెవులు, చెక్కకత్తులు. ముందు వరసలో నేను, నా పక్కన వదిన. సినిమా వేశారు. గుర్రం తుమ్మితే చప్పట్లు. వాచీ కనబడితే "టైమెంతయింది?" అని పైకప్పు లేచిపోయేలా అరిచారు, వదిన కూడా అరిచింది. తోడేలు వచ్చినప్పుడు హాలంతా నిశ్శబ్దం. నేను తెర చూడలేదు, వదిన చేతుల్ని చూశాను. ఒళ్ళో వేళ్ళు వాటంతటవి కదులుతున్నాయి.

దీపాలు వెలిగాయి. తోకాయన మైకు అందుకుని ఏడ్చినంత పని చేశాడు. మా ఆయన మెట్లెక్కుతుంటే హాలంతా లేచి నిలబడింది. తోకాయన డబ్బా తెరిచి రెండు చేతులా అందించాడు.

ఆయన సెట్టు నోట్లో పెట్టుకున్నారు. పట్టలేదు. తీసి మళ్ళీ పెట్టారు. బావి మీద పళ్ళెం మూత పెడితే ఎలా ఉంటుంది? జారి చేతిలో పడింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన సెట్టు తిరగేసి లోపలి వైపు చూశారు. తర్వాత నన్ను చూశారు.

నేను చూపు తిప్పుకోలేదు. తిప్పుకోవాలనిపించింది.

ఆ క్షణంలో ఆయన "వయసు మీద పడింది, నోరు మారింది" అనొచ్చు. నవ్వేసేవారు, అయిపోయేది. అంటారనే అనుకున్నాను. అంటే ఏం చేయాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను, అదిక్కడ రాయను.

"ఇది నాకు సరిపోదు" అన్నారు మైకులో. "ఎప్పుడూ సరిపోలేదు. ఆ తొడుగులో నేను నిమిషం కూడా ఉండలేకపోయాను. మీరు చూసిన తోడేలు మా అక్క. అదిగో, ముందు వరసలో కూర్చుంది."

"మోసం" అన్నాడెవడో వెనక నుంచి. ఇంకొకడు అందుకున్నాడు. ఆయన అక్కడే నిలబడ్డారు.

వదిన నా మోచెయ్యి గిల్లింది, ఎర్రగా కమిలేలా. "నువ్వేగా చేసింది?" అంది. లేచింది. చేతికర్ర టకటకమంటూ మెట్లెక్కింది. ఎవరూ చెయ్యి అందించలేదు, అందిస్తే కొట్టేలా ఉంది.

"మైకు ఇటివ్వరా. నువ్వు కూర్చో" అంది తమ్ముడితో.

ఆయన కూర్చున్నారు.

"మోసం అన్నదెవరు?" అంది హాలుతో. "వాడు దాచాడు, నేనూ దాచాను. కలిసే దాచాం. తిడితే ఇద్దర్నీ తిట్టండి."

పక్కకి తిరిగి తన పళ్ళు తీసి జేబులో వేసుకుంది. తమ్ముడి చేతిలోంచి కోరలు తీసుకుని పెట్టుకుంది. టక్కున కూర్చున్నాయి, ముందు వరసలో నాకు వినబడింది. ఇటు తిరిగింది. నడవలేదు, వంగలేదు. ఊరికే చూసింది. ఒక్కొక్కరినీ, ఎవరిని ముందు తినాలా అన్నట్టు. రెండో వరసలో ఒక భారీ మనిషి కుర్చీలో వెనక్కి జరిగాడు.

తోకాయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆ తర్వాత చప్పట్లు, అరుపులు, ఏవేవో. నాకు గుర్తు లేదు.

ఇంటికొచ్చేటప్పుడు ముగ్గురం ఒకే టాక్సీలో వచ్చాం. ఆయన అద్దం దించుకున్నారు.

మార్చి 29

వదిన కిందికి రాలేదు. "నలుగురిలో నిలబెట్టారు నన్ను" అందట ఆయనతో. ఆయన నాతో చెప్పారు.

మార్చి 31

తోకాయన పొద్దున్నే నలుగురిని వెంటేసుకొచ్చాడు. అందరూ తిన్నగా మేడెక్కారు. "గురువుగారూ" అనే పిలుపు ఇప్పుడు వదినది. మొదట తిట్టింది, తర్వాత ఆమె నవ్వు వినబడింది. మా ఆయన టీ పెట్టి పైకి ఇచ్చి వచ్చి, వంటింట్లో నా ఎదురుగా కూర్చున్నారు.

"ఆ రోజు పోస్టరు దగ్గర నువ్వు అడిగినప్పుడు..." అని ఆగారు. "సాయంత్రానికి చెప్పేద్దాం అనుకున్నాను. సాయంత్రం నువ్వు నవ్వావు. మర్నాడు చెబుదాం అనుకున్నాను."

"మర్నాడూ నవ్వుంటాను."

"ఆఁ."

నాకు జాలి వేసింది, కోపమూ వచ్చింది. ఏది ముందో చెప్పలేను.

"అయితే ఆ సినిమాలో మీది ఏమీ లేదా? ఒక్కటీ?"

"ఉంది" అన్నారు, చాలా మెల్లిగా. "అరుపు."

"ఏ అరుపు?"

"తోడేలు ఊళ. అక్క గొంతు సన్నం కదా. డబ్బింగ్ గది తలుపు మూస్తే నేనుండలేనన్నాను. తెరిస్తే వీధి చప్పుడు పడుతుందని వాళ్ళు గోల. ఆఖరికి మైకు బయటి మెట్ల మీదికి తెచ్చి అక్కడ అరిపించారు."

ఎంత బాగా అమర్చి చెప్పారో చూడండి. తలుపు, మెట్లు, మైకు. "నేనే" అన్నది కూడా ఇంతే నెమ్మదిగా అన్నారు.

లేచి మేడెక్కాను. తోకాయన బృందం మధ్యలో వదిన.

"వదినా, ఊళ వేసింది ఈయనేనా?"

"నాకేం తెలుసే? ఆ రోజు నేను వెళ్ళలేదు. వాడే వెళ్ళాడు. వచ్చాక నాలుగైదు రోజులు మాట రాలేదు. అరిచాడో, జలుబే చేసిందో."

దిగి వచ్చాను. ఆయన అలాగే కూర్చున్నారు.

"అరవండి."

"ఇప్పుడా? పట్టపగలు?"

"ఇప్పుడే."

లేచి పెరటి మెట్ల మీదికి వెళ్ళారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. మొదటిసారి దగ్గొచ్చింది. మంచినీళ్ళు అడిగారు, ఇచ్చాను. గోడవైపు తిరిగి, తల వెనక్కి వాల్చి, ఈసారి వదిలారు. కింద నుంచి లేచింది, మధ్యలో బొంగురుపోయింది, ఆగలేదు, పైకి వెళ్ళి వెళ్ళి ఎక్కడో సన్నగా చిరిగింది. పక్కింటివాళ్ళ గోడకి కన్నాలు వేస్తున్న మిషన్ ఆగిపోయింది. మేడ మీద మాటలు ఆగిపోయాయి.

అదేనా? కాదా? ఆ రోజు హాల్లో విన్నది కుర్రవాడి గొంతు. ఇది ముసలాయన గొంతు. తెలీదు. నిజంగా తెలీదు. నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి, దానికి వంద కారణాలుంటాయి.

ఆయన నావైపు తిరగలేదు. వెనక నుంచి చెవులు ఎర్రగా కనబడుతున్నాయి.

"ఇంకోసారి" అన్నాను.

ఆయన గొంతు సవరించుకున్నారు.